ఎడమ భుజానికి తగిన కర్ర

ఏప్రిల్‌లో సున్నపురాయి చెక్కుతుండగా ఎగిరిన పెచ్చు మా అన్నయ్య లమార్ కుడి కంటిని తీసుకుపోయింది. వేసవంతా మాలో ఎవరూ పైకి అనని ప్రశ్న ఒక్కటే మిగిలింది: క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే చెకుముకి వేటకు ఆయన వెళ్తాడా, వెళ్లడా? మా పెన్సిల్వేనియా కొండల్లో ఆ కొద్ది వారాలూ రాతితో నిప్పు రగిల్చే పాతకాలపు తుపాకినే పట్టాలి. పద్దెనిమిదో ఏట నుంచి ఆయన ఏ చలికాలమూ దాన్ని మానుకోలేదు.

చిక్కు ఎడమ కంటితోనే వచ్చింది. మామూలు చెకుముకి తుపాకికి మందు గిన్నె కుడి పక్కన ఉంటుంది. మీట నొక్కగానే అందులో భగ్గుమనే మంట కుడి భుజంతో కాల్చేవాడి ముఖానికి దూరంగా పోతుంది. ఎడమ కంటితో గురి చూడాలంటే తుపాకిని ఎడమ భుజానికే ఆనించాలి. అప్పుడు ఆ మంట లేచేది మిగిలిన ఒక్క కంటి ఎదుటే.

ఎడమచేతి వాటం విడిభాగాల కిట్ తెచ్చి ఇంట్లోనే తుపాకి తయారుచేసుకుంటానని సెప్టెంబరులో అన్నయ్య ప్రకటించాడు. వదిన వెర్నా ఆ సాయంత్రమే పొలం దాటి, నేను పుస్తకాలతో ఒంటరిగా ఉండే ఇంటికి వచ్చింది.

"మీ అన్నయ్య మాట నేను నమ్మను మరిదీ. బొమ్మ బాగుంటే చాలు, కొనేస్తాడు. నువ్వు బ్రెడ్డు కొన్నా అట్ట మీద రాసిందంతా చదివిగానీ కొనవు. ఆ తుపాకి నువ్వే ఎంచు. నువ్వు పర్లేదంటే వెళ్లనిస్తా. లేదంటే లేదు."

"అంత భారం నా మీద పెడితే ఎలా వదినా?"

"ఉన్న ఆ ఒక్కటీ పోతే చెయ్యి పట్టుకుని నడిపించేది నేను. బరువు నీదా, నాదా?"

నేను దొరికినదంతా చదివాను. అక్టోబరులో ఒక ఉదయం, రెండు కొండలవతల ఓర్ఫా జెర్బీ అనే పెద్దావిడ నడిపే దుకాణానికి అన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆవిడ ఆవాల ముద్దలో ప్రెట్జెల్ ముంచుకు తింటూ, రెండు ఎడమచేతి కిట్లు బల్ల మీద పరిచింది. గొట్టం, నిప్పు పుట్టించే యంత్రం, ఇత్తడి సామాను, ముప్పాతిక వంతు చెక్కి ఉంచిన మేపుల్ కర్ర: రెండింటిలోనూ అవే భాగాలు.

మొదటిదాని కర్ర చూడగానే అన్నయ్య ముఖం వెలిగింది. దాని నిండా అలల్లాంటి చారలు, వెలుగులో కదులుతున్నట్టున్నాయి.

"ఇదిరా తుపాకంటే! పెళ్లిచూపుల్లో కూడా నా గుండె ఇంతలా కొట్టుకోలేదు."

"వదినకు చెప్పనా?"

"చెప్పు. ఆవిడకీ కొట్టుకోలేదట."

నేను భూతద్దం తీశాను. యంత్రం వెనక, చేతి పిడికిట్లో ఇమిడే సన్నటి చోటును తుపాకి మెడ అంటారు. ఆ కర్ర అందమంతా అక్కడే మోసం చేస్తోంది. చెక్క పోగు మెడ వెంట సాగకుండా అడ్డంగా బయటికి వచ్చేస్తోంది. గట్టి దెబ్బకు విరిగేది అక్కడే.

"వద్దు," అన్నాను.

"మెడ ఒక్కటే చూస్తావేంట్రా? మనిషి మొత్తాన్ని చూడు."

"మీ తమ్ముడు చెప్పిందే నిజం బాబూ," అంది ఓర్ఫా పెద్దమ్మ. "చారల కోసం నేనే తెప్పించా. గోడకు తగిలించుకునేవాళ్లకి బాగుంటుంది."

తరువాత కర్టెన్ వేయించి, యంత్రాలను ఖాళీగా ఆడించమని అడిగాను. మొదటిదాని నుంచి నాలుగైదు నిప్పురవ్వలు లేచి గిన్నె అంచు దాటి పడ్డాయి. రెండోదాని నుంచి తెల్లటి రవ్వలు గుత్తిగా, నేరుగా గిన్నెలోకే రాలాయి. నిప్పు ఆలస్యంగా అంటుకునే తుపాకి ఎదుట మనిషి కన్ను తడబడుతుందని చదివి ఉన్నాను. ఈ రెండో కిట్‌లో గొట్టం మంచిది, మెడలో పోగు తిన్ననిది, యంత్రం ఎడమవైపునే ఉంది. నా పరీక్షలన్నిటిలోనూ అది నెగ్గింది.

"ఇది కట్టండి," అన్నాను తృప్తిగా.

"భుజానికి ఆనించి చూడకుండానా?" అంది పెద్దమ్మ.

అంతసేపూ అన్నయ్య చేతులు జేబుల్లోనే ఉన్నాయని అప్పుడు గమనించాను. ఆయన మెల్లగా కర్ర అందుకున్నాడు. జీవితమంతటి అలవాటు చేతుల్లో ఉంది. అది తిన్నగా కుడి భుజానికే వెళ్లింది. చెంప ఆనించి, కనిపించని కంటితో గోడవైపు చూస్తూ అలా నిలబడిపోయాడు. పెద్దమ్మ ఆవాల సీసా కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగింది. ఇంటికి వెళ్లిపోదామన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

"ఒరేయ్, గోడ ఎక్కడుందిరా?" అని ఆయనే పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక కర్రను ఎడమ భుజానికి మార్చాడు. వెంటనే కనుబొమ్మ ముడిపడింది.

"ఇది నన్ను తోసేస్తోంది."

"కొత్త కదా, అలాగే ఉంటుంది," అన్నాను.

"కొత్త కాదురా. గురి చూడాలంటే మూతి దీని మీదకి సాగదియ్యాల్సొస్తోంది."

పెద్దమ్మ కర్ర తీసుకుని, భుజానికి ఆనే మడమవైపు నుంచి ఒక కన్ను మూసి చూసింది, ముఖం వాడిపోయింది. కాల్చేవాడి చెంపకు చోటివ్వడానికి తుపాకి కర్రను కాస్త పక్కకు వంచి చెక్కుతారు. దీన్ని చెక్కినవాడు యంత్రానికి గుంటను ఎడమవైపు తొలిచాడు గాని, వంపును కుడిచేతివాడికే ఇచ్చాడు. ఈ తుపాకితో అన్నయ్య కాల్చిన ప్రతిసారీ ముఖాన్ని కర్ర మీదుగా మంటవైపు వంచవలసి వచ్చేది.

"నేనూ చూసుకోలేదు బాబూ," అంది ఆవిడ.

ఇంకొక నిమిషం గడిచి ఉంటే వదిన ఎదుట నిలబడి 'పర్లేదు' అనేవాణ్ణి.

ఆవిడ స్టూలెక్కి అటక మీద నుంచి దుమ్ముపట్టిన ఒక కర్రను దించింది. "ఒక ఎడమచేతివాడి కొలతకి తెప్పించా. వాడు పెళ్లి చేసుకుని ఫ్లోరిడా పోయాడు. అక్కడ మొసళ్లని కొడుతున్నాడేమో."

"కంచె గుంజలా ఉంది," అన్నాడు అన్నయ్య.

నేను మెడ చూశాను. పోగు దారంలా తిన్నగా సాగింది. ఈసారి ముందు కర్రను ఆయన చేతికిచ్చాను. ఆయన ఎడమ భుజానికి ఆనించాడు. తల వంచలేదు, మెడ సాచలేదు. చెంప దాని చోటుకు అదే చేరింది.

"క్యాలెండరు మేకు కనిపిస్తోంది," అన్నాడు. "మేకు తలకాయ కూడా."

రెండో కిట్‌లోని గొట్టాన్నీ యంత్రాన్నీ ఆ కర్రకు జతచేసి కట్టించాం.

నవంబరంతా ఆయన కొట్టంలో ఆకురాయితో, ఉలితో కూర్చున్నాడు. ఒంటి కంటికి లోతు సరిగా అందదు గనుక పక్కనే నేనుండేవాణ్ణి. "ఇంకా?" అనేవాడు. "ఇంకొంచెం," అనేవాణ్ణి. "నీకు పెళ్లి కాకపోవడమే మంచిదైంది, ఇలా సతాయిస్తే ఎవతి భరిస్తుంది?" అనేవాడు. గుంజలాంటి ఆ కర్ర నూనె పట్టించాక తేనెరంగుకు తిరిగింది.

క్రిస్మస్‌కు ముందు శనివారం ఉదయం కొట్టం వెనక మట్టిగట్టుకు ఒక పలక ఆనించాం. అన్నయ్య మందూ గుండూ దట్టించి తుపాకి ఎత్తబోతుండగా వదిన వంటింటి నుంచి వచ్చింది. చేతులకు పిండి, కళ్లకు రక్షణ అద్దాలు.

"ముందు నేను."

"నువ్వా? నీ జన్మలో తుపాకి పట్టావా?"

"నీ జన్మలో రాయి చెక్కేటప్పుడు అద్దాలు పెట్టుకున్నావా? ఇటియ్యి."

ఎడమ భుజానికి ఎలా ఆనించాలో ఆయనే చూపించాడు. ఆవిడ మీట నొక్కింది. గిన్నె భగ్గుమంది, అదే క్షణంలో కొండ దద్దరిల్లింది, తెల్లటి పొగలో మా వదిన మాయమైంది. పొగ తొలగేసరికి చెంప తడుముకుంటూ నిలబడి ఉంది.

"సెగ కూడా తగల్లేదు," అంది ఆశ్చర్యంగా. "ఇంతేనా?"

పలకకు ఏమీ కాలేదు. ఆవిడ అద్దాలు తీసి భర్తకు పెట్టింది.

అన్నయ్య మళ్లీ దట్టించాడు. గురి చూశాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు, దించాడు. వేళ్ల మీద ఊదుకున్నాడు.

"చలి," అన్నాడు.

"అవును, చలే," అంది వదిన. "నేనిక్కడే ఉన్నాగా. కాల్చు."

మూడోసారి దించలేదు. పలక పై అంచు ముక్కలై ఎగిరింది. పొగలోంచి ఆయన బయటికి రాకముందే వదిన పొగలోకి వెళ్లిపోయింది. అద్దాలు పైకెత్తి, గడ్డం పట్టుకుని, ఆ కంట్లోకి చూసింది.

"ఎన్ని వేళ్లు?"

"మూడు. ఒకదానికి పిండంటింది."

ఆవిడ ఆ వేలిని ఆయన ముక్కుకు తుడిచింది. "సరే, వెళ్లు," అంది. తరువాత నావైపు తిరిగి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని ముఖంతో, "నువ్వు లోపలికి రా మరిదీ, ఆపిల్ పై ఉంది. పెద్ద ముక్క నీదే," అంది.