ఎండ తాగని రంగు

టేకులపల్లి దాటాక అడవి అంచున, తండాకూ వాగుకూ మధ్య ఒక పార్కు ఉంది. దాన్ని దగ్గరుండి చేయించింది కోటేష్. తండాలో పుట్టి ఇంజనీరైన మొదటివాడతను. ఉద్యోగం చేసుకుంటే సరిపోయేదానికి, అందరూ చెప్పుకునేలా ఏదో ఒకటి చేసి చూపాలన్న యావ ఒకటి పట్టుకుంది. పగలంతా ఎండ తాగి చీకట్లో పచ్చగా వెలిగే రంగు ఉంటుందని తెలిసిన రోజు అతనికి అన్నం సహించలేదు.

ఎండాకాలంలో బాటకు రెండంచులా ఆ రంగు పూయించాడు. చీకటి పడేసరికి బాట ఎంత ముచ్చటగా వెలిగిందంటే, తండా ముసలమ్మలు చెప్పులు విప్పి మరీ నడిచారు. మర్నాడే పార్కు లైట్లకు కరెంటు తీయించేశాడు. కరెంటు ఆదా చేసిన యువ ఇంజనీరంటూ పేపర్లో ఫొటో పడింది. తల్లి లాలి ఆ ముక్క కత్తిరించి దేవుడి పటం పక్కన అంటించింది.

అంత చదివినవాడు ఒక్క సంగతి మరిచాడు. పార్కు నిండా ఉన్నవి టేకు చెట్లు. ఎండాకాలంలో వాటికి ఆకుండదు. నాలుగు వానలు పడ్డాయంటే విస్తరాకంతేసి ఆకులతో ఆకాశాన్నే కప్పేస్తాయి. ఇది ఎవరైనా చెప్పాల్సిన విషయమా? వానలో టేకాకు నెత్తిన పెట్టుకుని బడికి పరుగెత్తిన పిల్లాడే కదా! రంగు పూయించిన రోజు ఎండ ఫెళ్లున కాస్తుంటే, ఈ ఎండ ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకున్నాడు.

శ్రావణం వచ్చింది. పైన మబ్బు, కింద ఆకు. రంగుకు తాగడానికి చుక్క ఎండ లేదు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ చూస్తే బాట నల్లగా ఉంది. వానలకు చీకటి పడ్డాక పార్కు వైపు ఎవరూ రావడం లేదు కాబట్టి ఆ సంగతి ఇంకెవరికీ తెలియలేదు. లైట్లు మళ్లీ వేయించడం ఒక్క ఫోను పని. కానీ ఆ వారంలోనే పెద్దసారు రవికుమార్ పార్కు చూడటానికి వస్తున్నాడు. బాగుంటే మిగతా పార్కుల్లోనూ ఇదే పద్ధతి పెడదామన్నాడు. ఇప్పుడు లైట్లు వేస్తే పేపర్లో పడ్డ ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

అందుకని సారు వచ్చే ముందు ఒక పని చేశాడు. పెద్ద టార్చి పట్టుకుని, నడుము వంచి, బాట పొడుగునా రంగుకు వెలుతురు తాగించాడు. దూడకు పాలు పట్టినట్టు ఓపిగ్గా పట్టాడు. సారు వచ్చేసరికి గీతలు పచ్చగా మెరుస్తున్నాయి.

"శభాష్ కోటేష్! వానల్ల గూడ గిట్లనే ఎలుగుతుందా?"

"అవ్ సార్," అన్నాడు కోటేష్.

ఆ మాట అన్నప్పటి నుంచీ అతనికి కంటి మీద కునుకు లేదు. అయినా ఫోను మాత్రం చేయలేదు. తీజ్ పండగ కానీ, తర్వాత చూద్దాంలే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

తీజ్ అంటే తండాకు ప్రాణం. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, రోజూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. చివరి రోజు బుట్టలు నెత్తిన పెట్టుకుని పాడుకుంటూ వాగుకు పోయి మొలకలను నీళ్లలో కలుపుతారు. ఇన్నాళ్లు పెంచిన మొలకలను విడవాలంటే వాళ్లకు ఏడుపొస్తుంది. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడిగి ఓదారుస్తారు.

కోటేష్ చెల్లెలు జ్యోత్స్న కూడా బుట్ట ఎత్తింది. పోలీసు ఉద్యోగానికి ఆమె పరుగు పరీక్ష మరుసటి వారమే. వయసు దాటిపోతోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. వాన కురిసినా, బురదైనా తెల్లారేసరికి రోడ్డు మీద పరుగెత్తుతూ కనిపించేది.

ఆ రోజు వాన వదల్లేదు. తెరిపిచ్చి అందరూ బయలుదేరేసరికి పొద్దుగూకింది. పార్కు బాటలోకి వచ్చేసరికి చీకటి కమ్మేసింది. కోటేష్ డప్పుల వెనక నడుస్తున్నాడు. ముందుకు పోయి, ఆగండి, టార్చీలు తెస్తానని అంటే సరిపోయేది. ఎందుకని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి నోరు మూసుకున్నాడు.

బాట వాగు వైపు తిరిగే మలుపులో కేక వినిపించింది.

జ్యోత్స్న పడింది. బుట్ట పడలేదు. అంచు దాటి రాళ్లలోకి జారుతూ కూడా రెండు చేతులతో బుట్టనే పట్టుకుంది. బుట్ట వదిలేసి చేతులు ఆనించుకుని ఉంటే కాలు దక్కేది. చూస్తుండగానే మడమ పైన వాపు లేచింది.

"దవాఖానాకు పోదాం పా బిడ్డా," అని లాలి గోల పెట్టింది.

"మొలకలు వాగుల కలిపినంకనే యాడీ," అంది జ్యోత్స్న తల్లితో, పళ్లు బిగబట్టి.

ఇద్దరు పిల్లలు పట్టుకుంటే కుంటుతూ వెళ్లి మొలకలను నీళ్లలో వదిలింది. తండ్రి భీమ్లా ఆమెను ఒక బండ మీద కూర్చోబెట్టి, పళ్లెం, చెంబు కొడుకు చేతికిచ్చాడు.

"జల్దీ కడుగు. ఆటో పిలిచిన."

కోటేష్ ఆమె ముందు కూర్చున్నాడు. బాగున్న కాలు పళ్లెంలో పెట్టుకుని నీళ్లు పోశాడు. రోజూ పరుగెత్తి కాయలు కాచిన పాదం అది.

"పరుగు ఎట్లనే ఇగ?" అంటూ లాలి కళ్లొత్తుకుంది.

"తప్పు నాదే యాడీ," అంది జ్యోత్స్న. "నెత్తి మీద బుట్టుండె, కిందికి చూడలే. భియా ఏసిన గీత ఎలుగుతది గదా, అంచుకు పోతే కనవడ్తదిలే అనుకున్న." అలా అంటూనే, ఆనవాయితీ ప్రకారం అన్న తల మీద చేయి పెట్టి దీవించింది.

ఆ చేతి బరువును కోటేష్ మోయలేకపోయాడు.

"గీత ఎలుగుతలేదు," అన్నాడు తల దించుకునే. "నాకెరుకే. నేనే చెప్పలే."

"ఎప్పటిసంది?"

"సారు రాకముందు సంది."

పాడుతున్నవాళ్లు ఆపేశారు. జ్యోత్స్న అతని తల మీది నుంచి చేయి తీసుకుంది. కోటేష్ మళ్లీ చెంబు అందుకుని, వాచిన కాలి కోసం చేయి చాపాడు. ఆమె ఆ కాలును రెండు చేతులతో తన దగ్గరికి లాక్కుంది.

"ఈ కాలు నువ్వు కడగకు," అంది.

భీమ్లా వచ్చి కొడుకు చేతిలోంచి చెంబు తీసుకున్నాడు.