బస్సమ్మ ఎక్కిన కారు

ఆవిడ అసలు పేరు కాలేజీలో చాలామంది మరిచిపోయారు. అందరికీ బస్సమ్మే. రవాణా మీద పాఠాలు చెప్పేవాళ్ళు సొంత కారులో తిరగడం, సిగరెట్టు వెలిగించుకుని ఊపిరితిత్తుల గురించి ఉపన్యాసం ఇచ్చినట్టుంటుందని ఆవిడ వాదన. ఆ వాదన పుణ్యమా అని భర్తకి కారు ముచ్చట తీరనేలేదు. ఎదురు చెబితే ఆవిడ లెక్కలు తీస్తుంది. ఆ లెక్కలు వినడం కన్నా బస్సులో నిలబడి వెళ్ళడమే ఆయనకి హాయి.

అలాంటి మనిషి, తన ఊళ్ళోనే ఆసియా దేశాల రవాణా పరిశోధకుల సదస్సు జరుగుతుంటే ఊరుకుంటుందా? మొదటి రోజు ఉదయం సెషన్‌కి ఆవిడే అధ్యక్షురాలు. ఆ సెషన్‌లోనే ఆవిడ ఆడపడుచు సిటీ బస్సుల మీద పేపరు చదవాలి. ఆ పిల్ల ఊరికి ఇంకో మూల హాస్టల్లో ఉండి పీహెచ్‌డీ చేస్తోంది. అంతర్జాతీయ సదస్సులో ఒక్క పేపరైనా చదివితే గాని థీసిస్ తీసుకోరు. గడువు ఈ నెలతో సరి. ఇది తప్పిందంటే ఇన్నేళ్ళ కష్టం నీళ్ళపాలే.

ముందు రోజు ఆడపడుచు ఫోన్ చేసి, "రేపటికి టాక్సీ మాట్లాడుకున్నాను వదినా," అంది.

"టాక్సీ దిగి బస్సుల గురించి మాట్లాడతావా? నలుగురూ నవ్విపోతారు. హాస్టల్ ముందే స్టాపుంది కదా, ఎక్కి వచ్చెయ్."

"ఆలస్యమైతేనో?"

"ఆ రూటు మీద నేను పరిశోధన చేశానమ్మా. నాకు తెలీదా?"

వదిన మాటంటే ఆ పిల్లకి వేదం. టాక్సీ వద్దని చెప్పేసింది.

తెల్లవారి బస్సమ్మ స్టాపుకి బయల్దేరుతుంటే గేటు ముందు కారొచ్చి ఆగింది. అధ్యక్షుల కోసం సదస్సువాళ్ళు పంపారట. కొత్త చెప్పులు అప్పటికే కరుస్తున్నాయి, ఎండ చురుక్కుమంటోంది. ఈ ఒక్కసారికేలే అనుకుని ఎక్కింది. ఏసీ చల్లగా తగిలేసరికి సిద్ధాంతం కాస్త కునుకు తీసింది.

కొంత దూరం పోయాక డ్రైవరు అన్నాడు: "కారెక్కి మంచిపని చేశారు మేడమ్. మంత్రిగారు ప్రారంభానికి వస్తున్నారని హాలు వైపు బస్సుల్ని రానివ్వడం లేదు. అన్నిటినీ బైపాస్ మీదికి తిప్పేస్తున్నారు. కార్లనైతే చూసి వదులుతున్నారు."

బస్సమ్మకి ఆడపడుచు గుర్తొచ్చింది. ఇప్పుడు చెబితే ఆ పిల్ల మళ్ళీ టాక్సీ పిలుచుకోగలదు. గబగబా ఫోన్ తీసి, నొక్కబోయి ఆగిపోయింది. "నీకెలా తెలిసింది వదినా, నువ్వెక్కడున్నావు?" అని అడిగితే ఏం చెప్పాలి? ఈపాటికి ముందు బస్సుకే వచ్చేసి ఉంటుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుని ఫోన్ సంచిలో పడేసింది. ఆ క్షణం నుంచే లోపల ముల్లు గుచ్చుకోవడం మొదలైంది.

సెషన్‌లో ఆడపడుచు వంతు వచ్చింది, మనిషి రాలేదు. బస్సమ్మ ఆమెని ఆఖరికి జరిపింది. ఎవరెవరో రద్దీ గురించీ రైళ్ళ గురించీ మాట్లాడుతున్నారు. ఆవిడ చూపంతా తలుపు మీదే. ఆఖరి వంతూ దాటిపోయింది. చదవని పేపరుని సదస్సు వ్యాసాల సంపుటంలోంచి తీసేస్తారు. ఆ మాట మైకులో చెప్పాల్సింది అధ్యక్షురాలే. చెప్పింది.

హాలు ఖాళీ అవుతుండగా ఆడపడుచు వచ్చిపడింది. జుట్టంతా రేగిపోయి చెమటతో తడిసి ముద్దయి ఉంది.

"బస్సు ఎటో తిప్పేశారు వదినా. మధ్యలో దిగి పరిగెత్తుకొచ్చాను. నువ్వెలా వచ్చావు టైముకి?"

"నేనా... ముందు బస్సుకొచ్చాను."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసినందుకు బస్సమ్మకే భయమేసింది.

అంతలో సదస్సు కార్యదర్శి అటు వచ్చాడు. ఎవరెవరికి కార్లు పంపారో ఆయనకి తెలియదు. "దారి మళ్ళించింది మా సభ కోసమే కదా. బస్సుల్లో ఇరుక్కుపోయినవాళ్ళకి రేపు చోటిస్తున్నాం. మీరూ అంతేనా అమ్మా?" అని ఆ పిల్లనడిగాడు.

ఔనంటే సరిపోయేది. ఆమె తలదించుకుంది. "మా వదిన కూడా బస్సులోనే వచ్చింది సార్, టైముకే వచ్చింది. తప్పు నాదే. ముందు బయల్దేరాల్సింది."

"అయితే బస్సులు నడిచాయన్నమాట. మరి నేనేం చెయ్యలేనమ్మా," అని ఆయన వెనక్కి తిరిగాడు.

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, ఆ పిల్ల చదువు పోతుంది. బస్సమ్మ రెండడుగులు ముందుకేసి ఆయనకి అడ్డం నిలబడింది.

"ఆగండి సార్. నేను బస్సులో రాలేదు. మీవాళ్ళు పంపిన కార్లో వచ్చాను. ఇటు ఏ బస్సూ రాలేదు."

కార్యదర్శి ఇద్దరి మొహాలూ చూశాడు. "సరే, రేపు ఉదయం మొదటి పేపరు మీదే," అని ఆడపడుచుతో చెప్పి వెళ్ళిపోయాడు.

"బస్సులు రావని నీకెప్పుడు తెలిసింది?" అంది ఆడపడుచు.

"కార్లో ఉండగానే."

"ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా?"

"కార్లో ఉన్నానని చెప్పాల్సొస్తుందని సిగ్గేసింది. తప్పయిపోయిందమ్మా."

ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. అరిస్తే బావుండుననిపించింది బస్సమ్మకి. చిన్నప్పటి నుంచీ ఎంతమందిలో ఉన్నా నోరారా "వదినా" అని పిలిచిన పిల్ల, బ్యాగు భుజాన వేసుకుని, "వస్తానండీ," అని వెళ్ళిపోయింది.