గేటు బయట హాజరు

ఫోన్లో మ్యోంగ్‌సుక్ మేడం తడిమట్టి ముద్దను చక్రం మీద నిలబెట్టి "అర్థమైందా?" అని నవ్వుతున్నారు. అదే మేడంని యూనివర్సిటీ గేటు దగ్గర ఇద్దరు గార్డులు రెక్కపట్టి బయటికి గెంటుతున్నారు. రెండూ నేను ఒకేసారి చూశాను.

పాఠాలన్నీ రికార్డు చేయించుకున్నాక ఇక మనిషితో పనేముంది? ఏరు దాటి తెప్ప తగలేశారు. బట్టీ ఆర్పి, మట్టిపని గదికి తాళం వేశారు. ఇకమీదట కుండ చెయ్యడం ఫోన్లో చూసి నేర్చుకోవాలట. రేపు ఈత కూడా అలాగే నేర్పుతారు కాబోలు!

కడుపు మండి డైరెక్టర్ హ్వాంగ్ గదిలోకి దూసుకెళ్లాం. ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

"మీరే కదయ్యా ఒప్పుకున్నారు! ఆన్‌లైన్ చదువు మీద సర్వే పెడితే దాదాపు అందరూ 'చాలా తృప్తి' అన్నారు. ఇప్పుడీ గోలేమిటి?"

నిజమే, నొక్కాం. ఆ ప్రశ్నలకు జవాబు ఇవ్వందే ఫోన్లో హాజరు పడదు. 'చాలా తృప్తి' మొదటి గడి. చదివే ఓపిక లేక వరసగా దాన్నే నొక్కుకుంటూ పోయాం. మా మేడం మెడకు ఉరితాడు పేనింది మేమే.

సాయంత్రం సూప్ అన్నం కొట్లో మాటామాటా పెరిగింది.

"నేను మాత్రం ఇష్టపడే నొక్కాను," అన్నాడు తెగోన్. వాడు బండి మీద ఇంటింటికీ భోజనాలు చేరవేస్తూ చదువుకుంటున్నాడు. క్లాసుకు రాని రోజుల్లో వాడి పేరు పిలిస్తే పలికేవాణ్ణి నేనే. "చెవిలో పాఠం, చేతిలో హ్యాండిల్. ఆన్‌లైన్ లేకపోతే నా చదువు ఎప్పుడో అటకెక్కేది."

మా క్లాసు లీడరు పిల్‌జు అక్క గిన్నె పక్కకు నెట్టేసింది. "నీ పని జరిగితే చాలా? మేడం రోడ్డున పడ్డారు కదరా!"

"అరవకక్కా! ఫీజులు పెంచి నన్ను బండెక్కించిందీ ఈ యూనివర్సిటీ వాళ్లే, మేడంని గెంటిందీ వాళ్లే. నేను ఒప్పుకుంది పాఠానికి. ఆవిణ్ణి గెంటమని నొక్కే గడి ఉందా అందులో?"

పిల్‌జు అక్క నవ్వింది. "తిక్కవెధవా, ఆ ముక్క ముందే అఘోరించొచ్చుగా! పదండి, గేటు బయటే క్లాసు పెడదాం."

నాలుగు రోజుల తర్వాత, వీపున డిపార్టుమెంటు పేరు కుట్టిన జాకెట్లను గేటు బయట రోడ్డు మీద వరసగా పరిచి, వాటి పక్కన కూర్చున్నాం. రాలేని దూరపు ఊళ్లవాళ్లు తమ బదులు జాకెట్లు పంపించారు. వాటి ముందు నిలబడి మేడం హాజరు పిలవడం మొదలుపెట్టారు. హ్వాంగ్ పోలీసులతో వచ్చాడు. గార్డులు జాకెట్లను చెత్తసంచుల్లో కుక్కుతుంటే తెగోన్ తన బండిని అడ్డం పెట్టాడు.

"నా జాకెట్ ముట్టుకుంటే ఊరుకోను!"

చేతులు విరిచి వాణ్ణి వ్యానులోకి తోశారు. అయినా మేడం హాజరు ఆపలేదు.

"చో తెగోన్!"

ఒకరి బదులు ఇంకొకరు పలికితే యూనివర్సిటీ రిజిస్టర్లోంచి పేరు కొట్టేస్తారు. హ్వాంగ్ ఫోనెత్తి మమ్మల్ని వీడియో తీస్తున్నాడు. నాకు భయం వేసింది. ఆ భయంతోనే లేచాను.

"ఉన్నాను మేడం!"

"ఉన్నాను!" పిల్‌జు అక్క లేచింది. గేటు లోపల గుంపు కట్టిన ఇంజనీరింగ్ పిల్లలు, మాకు ముక్కూమొహం తెలియనివాళ్లు, ఊచలు పట్టుకుని అరిచారు. "ఉన్నాం!"

"ఎవడ్రా పలికింది?" హ్వాంగ్ ఊగిపోయాడు.

"అందరం!"

వ్యాను లోపలి నుంచి రేకు మీద గుద్దుతూ తెగోన్ కూడా అరిచాడు. "ఉన్నాను మేడం!"

మేడం తర్వాతి పేరు పిలిచారు.