ఆరు రోజులు తియ్యని తలుపు

భర్త పోయి రెండు నెలలైంది. కోడలు ఏడవలేదు. ఇప్పుడేడుస్తుంది, కాసేపట్లో ఏడుస్తుంది అని చుట్టాలంతా ఆమె మొహంలోకి చూసి చూసి, మెడలు నొప్పెట్టి, బస్సులెక్కి వెళ్లిపోయారు.

పొలం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. పొగాకు కంపెనీ ఆఫీసరు ఒక కాగితం ఇచ్చి వెళ్లాడు. పూత కనబడగానే మొక్క తల తుంచాలి, పక్కన పుట్టిన పిలకలు వారం వారం గిల్లాలి, పండిన ఆకునే కింది నుంచి కొయ్యాలి. ఆమె ఉన్నదున్నట్టు చేసింది. ఆయనుండగా పూలు చూడముచ్చటగా ఉన్నాయని తుంచనిచ్చేవాడు కాదు. మొక్క బలమంతా పూలకే పోయి, ఆకులు పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన ఆడపిల్లల్లా బిక్కచచ్చి ఉండేవి.

ఇక మిగిలింది బ్యారన్. ఆ మట్టిగోడల గదిలో ఆకును కట్టలు కట్టి వేలాడదీసి, ఆరు రోజులు వేడిమీద ఉంచి పసుపురంగు తేవాలి.

"మూడేళ్లుగా మీ ఆకు సగం పచ్చమచ్చలేనమ్మా," అన్నాడు ఆఫీసరు. "ఇదీ అలాగే దిగితే వచ్చే ఏడాది మా కంపెనీ రైతుల జాబితాలో మీరుండరు. మీవారు తలుపు రోజుకెన్నిసార్లు తీసేవారు?"

"లెక్కపెట్టలేదండి. వంటింట్లో గిన్నె మూతలూ అలాగే తీసి తీసి చూసేవారు."

"అదీ సంగతి. తీసిన ప్రతిసారీ వేడీ తేమా బయటికి పోతాయి, పచ్చ అలాగే బిగుసుకుపోతుంది."

తలుపుకి కంత చేసి అరచెయ్యంత గాజు అద్దం బిగించి, దాని వెనక థర్మామీటరు వేలాడదీసి వెళ్లాడు. ఆమె ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది. రాత్రిపూట కాపలాకి కూలిమనిషి వచ్చేవాడు. జాబితాలో పేరు పోతే పొలమూ పోయినట్టే, పొద్దున్నే లేచి వెళ్లటానికి ఆమెకు మరో చోటు లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. భయం మాత్రం వెయ్యలేదు.

మూడోరోజు అత్తగారొచ్చింది.

"ఒక్కసారి తీసి చూడవే."

"వద్దత్తయ్యా."

"మాడిపోతోందేమోనే."

"అద్దంలోంచి చూడండి."

"అద్దంలో నా మొహమే కనబడుతోంది."

"అయితే మాడలేదన్నమాట."

అత్తగారు అద్దాన్ని కొంగుతో తుడిచింది. "వాడైతే ఈపాటికి పదిసార్లు తీసుండేవాడు."

"అవునత్తయ్యా."



ఏడోరోజు పొద్దున ఆఫీసరొచ్చాక తలుపు తీశారు. ఆకంతా నిమ్మపండు రంగు. ఆఫీసరు ఒక ఈనె విరిచి చూశాడు, టక్కున విరిగింది.

"ఈ ఆకు చూశాక మీ పేరు కొట్టేసే మొనగాడు లేడమ్మా. తలపండిన రైతులే ఆగలేరు, ఆరు రోజులు ఎలా ఆగారు?"

"ఏమీ అనిపించలేదండి," అంది. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కూర పొయ్యిమీద పెట్టింది. మూత పెట్టింది. కాసేపు చూసింది. మూత తీసింది. ఏమీ కాలేదు, పెట్టేసింది. మళ్లీ తీసింది.

"ఉడికిందా?" ముందుగదిలోంచి అత్తగారు.

"లేదు. ఊరికే చూస్తున్నా."

మూడోసారి మూత చప్పుడైనప్పుడు అత్తగారు ఏమీ అడగలేదు. ఆవిరి మొహానికి కొట్టింది. కోడలు మూత చేతిలోనే పట్టుకుని, కూర అడుగంటేదాకా అలాగే నిలబడిపోయింది.