గుడారం పక్కన పులి

మూడు రోజులు జీపులో తిరిగినా, అడవి అంచున గుడారాల్లో దిగిన వాళ్ళకు పులి తోక కూడా కనబడలేదు. నాలుగో రోజు భోజనాలయ్యాక లెక్కల మాస్టారు తన గుడారంలో నడుం వాల్చారు. కాసేపటికి బయట కలకలం రేగింది.

"పులి గుర్రుమంటోంది! ఎవరూ కదలకండి!" అంటూ పక్క గుడారంలోని డాక్టరు ఫోనులో రికార్డు చేస్తున్నాడు.

మాస్టారి భార్య తెర తొలగించి చూసింది. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఆ గుర్రు తాను ముప్పై ఏళ్ళుగా వింటున్నదేనని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. గైడు మాత్రం చెప్పొద్దన్నట్టు ఆమెకు కళ్ళతోనే దణ్ణం పెట్టాడు.

నిద్ర లేచాక సంగతి విని మాస్టారు మండిపడ్డారు. "పులి గుమ్మంలోకొస్తే నన్ను లేపవా?"

"లేపితే పోతుందేమోనని ఊరుకున్నానండీ," అందామె.