అద్దంలా వచ్చింది

పొద్దున బామ్మ ఆడింది చిన్న అబద్ధమే. సాయంత్రానికి అదే ఆవిడ పీకల మీదికొచ్చింది.

మనవరాలు ఆ రోజు అయిదింటికి మొట్టమొదటిసారి టీవీలో వాతావరణ వార్తలు చదవబోతోంది. పిల్లకి తోడుగా కోడలు స్టూడియోకి వెళ్లింది. ఇంట్లో మిగిలింది బామ్మా, బస్సు నడిపే కొడుకూ. "కిటికీలో పెట్టుకునే బుల్లి యాంటెన్నా చాలదురా?" అని ఆవిడ షాపులోనే నసిగింది. "టవరు చాలా దూరమమ్మా, మేడ మీద పెట్టేదే కావాలి" అని వాడు ఆరడుగుల గొట్టంతో సహా పెద్దది కొనుక్కొచ్చాడు. అసలు బామ్మ దిగులు యాంటెన్నా గురించి కాదు, నిచ్చెన గురించి. నిరుడు దాని మీంచే జారి వాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు మరి!

పొద్దున వాడు మేడ మీద పిట్టగోడ పక్కన గొట్టం తిప్పుతూ, "వచ్చిందా అమ్మా?" అని అరిచాడు. తెర నిండా చుక్కలు తప్ప ఏమీ లేవు. "అద్దంలా వచ్చిందిరా, దిగు నాయనా!" అనేసింది బామ్మ కిటికీలోంచి. వాడు నట్లు బిగించి దిగి, టీవీ వంకైనా చూడకుండా డ్యూటీకి పరిగెత్తాడు.

అయిదుకు పది నిమిషాలుందనగా వచ్చి టీవీ పెట్టాడు. బొమ్మా లేదు, మాటా లేదు.

"పొద్దున అద్దంలా ఉందన్నావుగా?"

"లేదురా. నువ్వు పైనుంటే నా ప్రాణం ప్రాణంలో లేదు. అబద్ధమాడాను." పిల్ల మొదటి వార్తలు చేజేతులా పోగొట్టుకున్నానే అని ఆవిడకి ఏడుపొచ్చింది.

వాడు గబగబా బయటికి నడిచాడు. నిచ్చెనెక్కి నట్లు వదులు చేశాడు. "ఈసారన్నా నిజం చెప్పు తల్లీ!"

"రాలేదు," అంది బామ్మ గుండె చిక్కబట్టుకుని. "ఇంకా రాలేదురా. ఇంకాస్త తిప్పు." ఆవిడ 'రాలేదు' అన్నప్పుడల్లా పైన చెప్పుల చప్పుడు పిట్టగోడకి ఇంకా దగ్గరగా జరుగుతోంది.

అయిదయింది. చుక్కలు ఒక్కసారిగా సర్దుకున్నాయి. పసుపుపచ్చ చొక్కాలో మనవరాలు!

"వచ్చింది! వచ్చిందిరా!"

"హమ్మయ్య, దిగుతున్నా." వాడు చెయ్యి వదిలాడో లేదో, బొమ్మ చెదిరింది.

బామ్మ కిటికీలోంచి సగం బయటికి వంగి, వీధంతా వినేలా అరిచింది. "దిగావంటే ఊరుకోను! కదలకుండా అక్కడే పట్టుకో!"

"మరి నేను చూడొద్దూ?"

"నేను చూసి చెప్తాగా."

"నిజమే చెప్తావా?"

బామ్మ గబుక్కున లోపలికి తిరిగింది. మేడ మీదికి వినబడేదాకా టీవీ సౌండు పెంచింది.