శుక్రవారం ఫ్లాస్కు

నేను ఒక గాజు ఫ్లాస్కును. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటాను. మూతి దగ్గర వేలి గోరంత పెచ్చు ఊడి ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను చూసిన వాళ్ళందరూ మొదట దాన్నే చూశారు. చాలామంది అంతటితో ఆగిపోయారు. మీరు మాత్రం జాలి పడకండి. ఆ పెచ్చుతో నాకు ఏనాడూ ఇబ్బంది లేదు. ఇబ్బంది పడింది మనుషులే.

కొలిమిలో పుట్టాను. మీ ఇంట్లో గ్లాసులు కరిగే వేడికి నేను చలించను. గడ్డి పరిచిన పెట్టెలో మరో పదకొండు ఫ్లాస్కులతో కలిసి రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయంలో, సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే ల్యాబుకు వచ్చాను. దాని పేరు చెప్పను, చెబితే గొడవ. వచ్చిన రెండో ఏడు ఒక పెద్దమనిషి ఫోనులో మాట్లాడుతూ నన్ను కడుగుతూ కుళాయికి కొట్టాడు. ఆయన ఇప్పుడు ఎక్కడో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడట. నాకు మాత్రం పగిలిందన్న పేరు మిగిలింది.

ఆ ల్యాబులో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఊరిలో నీళ్ళకు కటకట. కుళాయి సోమవారం పొద్దున మాత్రమే వచ్చేది. కాబట్టి వారానికి సరిపడా బాక్టీరియా మేతను సోమవారమే తయారుచేసి, ఫ్లాస్కుల్లో పోసి, దూది బిరడాలు పెట్టి, ఆవిరిలో ఉడికించి ఉంచేవాళ్ళు. చూడటానికి అది లేత పసుపు రంగు చారులా ఉంటుంది. రెండో కట్టుబాటు చోటుది. పాతవాళ్ళ ఫ్లాస్కులు చెక్క బీరువాలో ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళవి పడమటి కిటికీ గట్టు మీద, ఎండలో.

అలా గట్టు మీదికి చేరిన మనిషి కుళ్ళాయమ్మ. గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఇంట్లో ఆ పేరు పెట్టారు. పిహెచ్‌డి కోసం వచ్చింది. ఆమె గైడు చెన్నకేశవులు సార్. పెరుగుతున్న వయసులో బాక్టీరియా హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే విషాన్ని ఎలా తట్టుకుంటుందో చూడటం ఆమెకు అప్పజెప్పిన పని.

తట్టుకోలేదనే సార్ నమ్మకం. మేత దండిగా ఉన్నంతకాలం బాక్టీరియాకు తినడం, రెండుగా చీలడం తప్ప మరో ధ్యాస ఉండదు. మేత అయిపోయి, గుంపు ఇరుకైపోయాక మాత్రం శత్రువు రాకముందే కాటలేజ్ అనే ఎంజైమును నిలవ చేసుకుంటుంది. ఆ ఎంజైము పెరాక్సైడును విరగ్గొట్టి నీళ్ళుగా, ఆక్సిజన్‌గా మార్చేస్తుంది. కాబట్టి వయసు మళ్ళినవి బతుకుతాయి, పడుచువి చస్తాయి. పదిహేనేళ్ళ కిందట సార్ ఈ మాట రాసి పేరు తెచ్చుకున్నారు.

కుళ్ళాయమ్మ చేతిలో మంగళ, బుధవారాల్లో పడుచు బాక్టీరియా సార్ మాట ప్రకారమే చచ్చేవి. శుక్రవారం మాత్రం బతికేవి. శుక్రవారం వంతు ఎప్పుడూ నాది. పెచ్చు ఊడినదాన్ని ఎవరైనా చివరికే కదా వాడతారు.

సార్ నన్ను ఒకసారి తిప్పి చూసి తీర్పు చెప్పేశారు. పెచ్చు సందులోంచి బయటి క్రిమి ఏదో దూరిందట. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అదే ఇది. నెలాఖరుకు సమీక్ష సంఘం కూర్చుంటుంది, శుక్రవారాలన్నీ కొట్టేసి మిగిలినవి రాసుకురమ్మన్నారు. లేకపోతే సంతకం పెట్టనన్నారు. సంతకం లేకపోతే ఆమె రిజిస్ట్రేషనే రద్దవుతుంది, అప్పటిదాకా చేసిన చాకిరీ మట్టిపాలవుతుంది. ఇంటికి పోయి ఏం చెప్పుకోవాలో కూడా ఆమెకు తెలియదు.

కుళ్ళాయమ్మ తల ఎత్తింది.

“పదకొండు శుక్రవారాలు ఒగే తీరుగా వచ్చినాయి సార్. తప్పయితే ఒగే తీరుగా ఎట్ల వస్తాది? నేను కొట్టెయ్యను.”

అంతవరకు నా తరఫున మాట్లాడిన మనిషి లేదు. గాజుకు గుండె ఉండదంటారు. అన్నవాళ్ళు ఆ రోజు ఆ గట్టు మీద లేరు.

దారి చూపింది గాజు సామాను కడిగే దస్తగిరి. ముప్పై ఏళ్ళుగా అందరి ఎంగిలీ కడిగినవాడు. ఎవరూ అడగరు గనుక చెప్పడు. ఆ రోజు ఆమె అడిగింది. అతను నన్ను వెలుతురుకు ఎత్తి చూపించాడు.

“సోమవారం పోసిన చారు పచ్చగా ఉంటాదిమ్మా. శుక్రవారానికి గట్టు మీదిది రంగు దిగుతాది. బీరువాలోది దిగదు.”

ఆ తరువాతి సోమవారం కుళ్ళాయమ్మ ఒకే గిన్నెలోని చారును రెండు ఫ్లాస్కుల్లో పోసింది. ఒకటి నేను. నన్ను నల్ల కాగితంలో చుట్టబెట్టింది. రెండోది చిన్న గీత కూడా లేని కొత్త ఫ్లాస్కు. దాన్ని ఎండకు వదిలేసింది. ఇద్దరం అదే గట్టు మీద పక్కపక్కనే శుక్రవారం దాకా ఉన్నాం. పెచ్చుదే తప్పయితే నాలోవి బతకాలి. ఎండదే పని అయితే దానిలోవి బతకాలి.

శుక్రవారం ఇద్దరిలోనూ ఒకే బాక్టీరియా వేసి పెంచింది. సార్ దగ్గరే నిలబడ్డారు. కొత్త ఫ్లాస్కులోవి మొదట తడబడి, ఆలస్యంగా పుంజుకున్నాయి. రెండూ ఒకే పడుచు వయసుకు వచ్చేదాకా ఆగి, ఎంత చిక్కబడ్డాయో మీటరు మీద సార్ చేతనే కొలిపించింది. వయసు మళ్ళినవి అనడానికి ఇక వీల్లేదు. అప్పుడు రెండింటిలోంచి కొంచెం కొంచెం తీసి, గాజు గొట్టాల్లో పెరాక్సైడ్ చుక్కలు వేసింది. కాటలేజ్ ఉంటే నురగ రావాలి. నా గొట్టంలో నాలుగు బుడగలు లేచి ఊరుకున్నాయి. పక్క గొట్టంలో నురగ పొంగి అంచు దాటి ఆమె వేళ్ళ మీద కారింది.

మిగిలినవాటి మీద పెరాక్సైడ్ పెద్ద మోతాదులో పోసి, బతికినవి మొలిచేలా మేత ఉన్న పళ్ళేల్లో పరిచి, మరుసటి పొద్దున లెక్క చూశారు. కొత్త ఫ్లాస్కువి పళ్ళెం నిండా చుక్కలు చుక్కలుగా మొలిచాయి. నా పళ్ళెం బోడిగా ఉంది. నా మీద నింద పోవాలంటే నా కడుపులోవి చావాలి, చచ్చాయి. ఆ గెలుపు నాకు తియ్యగా లేదు. అయినా అది గెలుపే.

జరిగింది ఇంతే. మేతలో ఒక పసుపుపచ్చటి విటమిను ఉంటుంది. దాని మీద ఎండ పడితే రవ్వంత పెరాక్సైడ్ పుడుతుంది. అది చంపేంత కాదు, హెచ్చరించేంత. బాక్టీరియాలో ఒక కావలి ప్రోటీను ఉంటుంది. అది ఆ రవ్వంతను పసిగట్టి, పెరుగుదలను కాసేపు నెమ్మదించనిచ్చి, కాటలేజ్ తయారు చేయిస్తుంది. పెద్ద దెబ్బ పడేసరికి డాలు చేతిలో ఉంటుంది. కంటికి కనబడని ప్రాణికే ఇంత ముందుచూపు. ఇల్లు కాలాక బావి తవ్వేది మనుషులే.

సార్ ఆ పళ్ళేలను వెలుతురుకు ఎత్తి చూశారు. గొంతు తగ్గించి అన్నారు.

“నా పేపరు మొత్తం బీరువాలో పెట్టిన ఫ్లాస్కులతో చేసిందేనమ్మా.”

సంతకం పెట్టారు. ఆ మాటకు మాత్రం నేను ఆయన్ను గౌరవించాను.

సంఘం ఒప్పుకుంది. తరువాత ఆమె థీసిస్‌లో ఒక వాక్యం రాసింది: వాడిన ఫ్లాస్కుల్లో ఒకటి మూతి పెచ్చు ఊడినది. మర్యాదగా ఉండదని సార్ ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆమె మళ్ళీ రాసింది. మళ్ళీ కొట్టేశారు. మూడోసారి రాసినప్పుడు ఆయన నవ్వి వదిలేశారు. అచ్చులో ఉంది, కావాలంటే చూసుకోండి.

కుళ్ళాయమ్మకు బీరువాలో చోటు ఇచ్చారు. ఆమె తీసుకోలేదు, గట్టు మీదే ఉండిపోయింది. పోయిన నెల ఆవిరిలో ఉడుకుతుండగా నా పెచ్చు చీలికై కడుపుదాకా దిగింది. ఇక నాలో చారు నిలవదు. దస్తగిరి నన్ను పాత గాజు కొనేవాడికి చూపించాడు. వాడు గోటితో తట్టి, ఈ రకం గాజు మా కొలిమిలో కరగదని తిరిగి ఇచ్చేశాడు.

దస్తగిరి నన్ను తెచ్చి మళ్ళీ పడమటి గట్టు మీదే పెట్టాడు. ఎండ పడుతోంది. పడనివ్వండి.